‘బడు’ కాదు, ‘కొను’

ఆ అచ్చాఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ పొల్లక్కే. మాట చివర హల్లు మీద పెట్టే చిన్న గీతను పొల్లు అంటారు కదా, కంటికి ఆనీ ఆననట్టుండే ఆ గీత ఏ పేజీలో జారిపోయినా ఆమె ఇట్టే పట్టేసేది. ఆ పేరు పెట్టింది ప్రెస్సు ఓనరు. వెక్కిరింపుగానే పెట్టాడు. ఆమె మాత్రం దాన్ని బిరుదులా స్వీకరించింది. “అక్షరం పొల్లు పోకుండా చూసేదాన్ని పొల్లక్క అనక ఇంకేమంటారు?” అనేది.

ఆమె తండ్రి సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటరు. పదో తరగతి అయిన ఏడాదే కూతురిని తన పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడు. అక్షరాన్ని తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా చదవడం ఆమెకు అక్కడే అబ్బింది. కంప్యూటర్లు వచ్చాక సీసమంతా తూకానికి పోయింది, పనివాళ్ళలో సగంమంది ఇళ్ళకు పోయారు. ఆమెను మాత్రం ఓనరు వదులుకోలేదు. రెండో అంతస్తులో కిటికీ పక్కన ఒక బల్ల వేయించి ప్రూఫులు దిద్దే పని అప్పగించాడు. బల్ల మీద వరస తప్పకుండా పట్టుకోవడానికి ఒక చెక్క స్కేలు, ఒక ఎర్ర పెన్ను, ఒక పెన్సిలు. ఎర్ర సిరా తప్పులకు, పెన్సిలు అనుమానాలకు. “ఎర్ర సిరాతో పెడితే తీర్పు, పెన్సిలుతో పెడితే మనవి” అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది. ఇరవై ఆరేళ్ళలో పాకశాస్త్రం నుంచి పశువైద్యం దాకా ఆమె చదవని పుస్తకం లేదు. ఏదీ తనకోసం చదవలేదు గానీ, అన్నీ ఒకటికి మూడుసార్లు చదివింది.

ఆమె నలభై మూడో ఏట ఆ ప్రెస్సుకు గ్రీకు మాస్టారి పుస్తకం వచ్చింది.

మాస్టారు ఆ ఊరి కాలేజీలో ప్రాచీన గ్రీకు చెప్పేవారు. ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పట్టలేక పిల్లలు రెండో నెలకే జారుకుంటుంటే చూడలేక, తెలుగులో వ్యాకరణం రాయడానికి పూనుకున్నారు. పదకొండేళ్ళు పట్టింది. కాగితాల కట్ట చూసి ఓనరు నొసలు చిట్లించాడు.

“ఇదేం లిపి? పేజీ నిండా పురుగులు పాకినట్టుంది. దీనికి ప్రూఫు ఎవరు చూస్తారు?”

“పురుగులైనా వరసలోనే పాకుతున్నాయిగా, ఇటివ్వండి” అంది పొల్లక్క.

మాస్టారు ఇచ్చిన అక్షరాల పట్టికను ఇంటికి తీసుకుపోయి వంటింటి అలమారా తలుపుకు అంటించింది. కూర కలుపుతూ ఒక వరస, గిన్నెలు సర్దుతూ ఒక వరస బట్టీ పట్టింది. ఆమె భర్త తాళాలు బాగుచేసేవాడు. రోజంతా తాళంచెవుల పళ్ళు అరగదీసే మనిషి కనుక ఆ గీతల తేడాలు అతనికీ తేలిగ్గా తెలిశాయి. నర్సింగు చదువుతున్న కూతురు మాత్రం, “అమ్మా, నాకు మందుల పేర్లే నోరు తిరగడం లేదు, నువ్వు ఈ వయసులో ఇవెక్కడ తెచ్చిపెట్టుకున్నావే!” అని నవ్వేది. నెల తిరిగేసరికి పొల్లక్కకు అర్థం తెలియకపోయినా అక్షరం తెలిసింది. అక్షరం కన్నా ముఖ్యంగా, దాని నెత్తిన ఉండే గుర్తులు తెలిశాయి.

మొదటి పాఠాల్లోనే మార్పు అనే మాట ఒకటి వచ్చింది. మెతబొలే. ‘మెత’ అంటే అటునుంచి ఇటు, ‘బొలే’ అంటే విసురు. ఉన్నచోటు నుంచి ఇంకో చోటికి విసిరితే అదే మార్పు అని మాస్టారు రాశారు. ఆ నామవాచకాన్ని విభక్తులన్నిటిలో నడిపించి చూపించారు. ‘మార్పు’ అన్నప్పుడు చివరి అచ్చు మీద ఏటవాలు గీత ఉంటుంది, ‘మార్పు యొక్క’ అన్నప్పుడు అదే గీత వంపు తిరుగుతుంది. ఆ వంపు తిరగవలసిన చోట పదకొండుసార్లు ఏటవాలు గీతే పడింది. పదకొండింటినీ పొల్లక్క ఎర్ర సిరాతో చుట్టింది. వాటిలో తొమ్మిది టైపు చేసినవాళ్ళ తప్పులు, రెండు మాస్టారి రాతప్రతిలోనే ఉన్నవి.

మాస్టారు ఆ ప్రూఫులు చూసి, “ఎవరమ్మా ఇది దిద్దింది? గ్రీకు ఎక్కడ చదువుకున్నారు?” అని అడిగారు.

“ఈ బల్ల దగ్గరేనండి. మీ పుస్తకమే” అంది.

ఆయన ఆ మాటను చమత్కారం అనుకున్నారు. కానీ అది నిజం. ప్రతి పేజీ మూడుసార్లు చదవాలి, మొదటి పాఠం అర్థమైతే గానీ రెండో పాఠంలో తప్పు కనబడదు. అలా ఆ పుస్తకానికి తొలి విద్యార్థిని ఆమే అయింది, ఫీజు కట్టకుండా, హాజరు వేయించుకోకుండా.

నూట నలభై మూడో పేజీ దగ్గర చిక్కొచ్చింది.

అది క్రియల పాఠం. మార్చడానికి గ్రీకు క్రియ మెతబల్లో. ‘మారుస్తున్నాను’ అని అర్థం. దాన్నే మెతబల్లొమై అంటే ఇంకో రూపం. ఆ రెండో రూపం గురించి మాస్టారు ఇలా రాశారు: “గ్రీకులో కర్తరి, కర్మణి ప్రయోగాలే గాక మధ్యమమని మూడవది కలదు. చేసిన పని తిరిగి చేసినవానికే తగులుట దీని లక్షణము. ఇట్టిది తెలుగులో లేదు. కావున విద్యార్థి దీనిని ‘బడు’ చేర్చి అనువదించుకొని, తేడాను కంఠస్థము చేయవలెను.” కింద ఉదాహరణ: “బాటసారిచేత తన కొరకు పైవస్త్రము మార్చబడుచున్నది.”

పొల్లక్క స్కేలు ఆ వాక్యం కింద పెట్టి ఆగిపోయింది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. గుర్తులూ సరిగ్గానే ఉన్నాయి. కానీ వాక్యం గొంతు దిగడం లేదు. పైకి చదివింది. మళ్ళీ చదివింది. బాటసారి చేత, తన కొరకు, మార్చబడుచున్నది. ఎవరు మాట్లాడతారు ఇలా? ఇంత తిప్పలెందుకు, బాటసారి పైబట్ట మార్చుకుంటున్నాడు అంటే పోలా?

అలా అనుకుని, తను అనుకున్న మాట తానే విని, ఒక్కసారి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. మార్చుకుంటున్నాడు. మార్చు, కొను. చేసిన పని చేసినవాడికే తగలడం అంటే అదే కదా? తెలుగులో లేదన్నారు, కానీ ఇప్పుడు తన నోట్లోంచి ఊడిపడింది ఏమిటి?

వెంటనే రాయలేదు. ముందు పేజీలన్నీ తిరగేసింది. మధ్యమం వచ్చిన ప్రతి చోటునూ ఒక తెల్ల కాగితం మీద వరసగా ఎక్కించింది. ముప్ఫై ఎనిమిది చోట్లు. ఒక్కొక్క దగ్గర ‘బడు’ తీసేసి ‘కొను’ పెట్టి చూసింది. ముప్ఫై ఒక్కటి తాళంలో చెవి తిరిగినట్టు తిరిగాయి. ఏడు తిరగలేదు. ఆ ఏడింటినీ విడిగా రాసిపెట్టింది. అప్పుడు పెన్సిలు చెక్కి, నూట నలభై మూడో పేజీ పక్కన చిన్నగా ఒకే మాట రాసింది: “కొను?”

ఓనరు ఆ ప్రూఫు కట్ట చూస్తూ అక్కడ ఆగాడు. “ఏం కొనాలి పొల్లక్కా? కాగితమా, సిరానా?”

ఆమె విషయం చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది.

“నిన్ను అచ్చుతప్పులు దిద్దమన్నాను గానీ పండితుల తప్పులు దిద్దమన్నానా? ఆయన పదకొండేళ్ళు రాశాడు, నువ్వు పదకొండు నెలలు చదివావు. ముందు అది చెరిపెయ్.”

“పెన్సిలే కదండీ. ఆయనకు నచ్చకపోతే ఆయనే చెరుపుతారు.”

“పనిపోయే దారి వెతుక్కుంటున్నావు.”

“చూశారా, మీ నోటా అదే వచ్చింది” అంది పొల్లక్క. “వెతుకుతున్నావు అనలేదు, వెతుక్కుంటున్నావు అన్నారు.”

ఓనరుకు నవ్వు రాలేదు. కానీ చెరపలేదు కూడా. ఇరవై ఆరేళ్ళలో ఆమె పెన్సిలు గుర్తు పెట్టిన చోట వట్టి అనుమానం ఎంత అరుదో ఆయనకు తెలుసు.

మాస్టారు మర్నాడు ఉదయమే మెట్లెక్కి వచ్చారు. చేతిలో ఆ పేజీ. బల్ల ముందు నిలబడే, “ఏమిటమ్మా ఇది?” అన్నారు. గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువుంది.

పొల్లక్క లేచి కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చోలేదు. ఆమె తన కాగితం ముందుకు తోసింది.

“మీరు తెలుగులో లేదన్నారు. ఉందేమోనని నా అనుమానం మాస్టారూ. మీరే చూడండి.”

“ఒక మాటకు కుదిరితే సూత్రం అయిపోతుందా? సరే, చెప్పండి. కడగడానికి మామూలు క్రియ ఒకటుంది. మధ్యమంలో?”

“కడుక్కోవడం.”

“బందీని విడిపించడం. అదే మధ్యమంలో, డబ్బు కట్టి తనవాణ్ణి తెచ్చుకునే తండ్రి చేసే పని.”

“విడిపించుకోవడం. మీరే ఇప్పుడు తెచ్చుకునే అన్నారు.”

మాస్టారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. “ఇది చెప్పండి. నేర్పడానికి ఒక క్రియ ఉంది. దాన్ని మధ్యమంలో పెట్టి, పక్కన ‘కొడుకును’ అంటారు. తండ్రి స్వయంగా నేర్పడు. గురువు చేత నేర్పిస్తాడు. కానీ ఫలం ఈయనది. దీనికి ఇంగ్లీషులో నాలుగు మాటలు కావాలి.”

పొల్లక్క ఈసారి ఒక్క క్షణం ఆలస్యం చేసింది. జవాబు తెలియక కాదు. ఆ జవాబు తన ఇంట్లో రోజూ వినబడేది.

“నేనూ మా ఆయనా పిల్లను నర్సింగు చదివించుకుంటున్నాం” అంది.

ఓనరు తలుపు దగ్గర నిలబడి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

మాస్టారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. “రావడం అనే క్రియ కూడా గ్రీకులో మధ్యమమే. ‘వచ్చుకొను’ అంటారా?”

“అనం మాస్టారూ. అది అతకదు. అతకనివి ఏడున్నాయి, ఇదిగో విడిగా రాశాను. అతికినవి అతికాయని రాయండి, అతకనివి అతకలేదనే రాయండి.”

ఆ జవాబుతో ఆయనలో ఏదో సడలింది. గెలవడానికి కూర్చున్న మనిషి కాదు ఈమె అని తెలిసినట్టుంది. కాగితం చేతిలోకి తీసుకుని, సగం తనలో తాను అనుకుంటున్నట్టు, “మరి మొదటి నుంచీ మధ్యమం తప్ప ఇంకో రూపమే వాడని మాటలున్నాయి. ఎందుకో నాకు ఎప్పుడూ బోధపడలేదు. కూర్చోవడం ఒకటి, పడుకోవడం ఒకటి” అన్నారు.

“ఆ రెంటిలోనూ మనకూ ‘కో’ ఉందిగా మాస్టారూ.”

ఆయన అప్పుడు కూర్చున్నారు. ఆమె జరిపిన కుర్చీలోనే, చంకలోని గొడుగు ఒళ్ళో పెట్టుకుని. పెదాలు కదులుతున్నాయి. కూర్చొను, పడుకొను, కూర్చొను. తర్వాత లేచి, కాగితం జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

తొమ్మిది రోజులు మాస్టారి దగ్గర్నుంచి కబురు లేదు. ప్రూఫులు తిరిగి రాలేదు. కాలేజీ తెరిచే లోపల పుస్తకం కావాలన్న మనిషి చప్పుడు చేయకపోయేసరికి ఓనరుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. “పుస్తకం ఇంకో ప్రెస్సుకు ఇచ్చేసినట్టున్నాడు. ఆ పెన్సిలు ముక్క నా కొంప ముంచింది” అని రోజుకు నాలుగుసార్లు అనేవాడు. పొల్లక్క ఒక వ్యవసాయ కరపత్రం దిద్దుతూ కూర్చునేది. బయటికి తొణకలేదు గానీ లోపల పీకుతూనే ఉంది. ఇంట్లో భర్తను అడిగింది.

“ఏవండీ, నేను హద్దు మీరానంటారా?”

అతను ఒక పాత తాళాన్ని వెలుతురుకు ఎత్తి లోపలికి చూస్తున్నాడు. “చెవి తిరిగిందా, లేదా?” అన్నాడు.

“తిరిగింది.”

“అయితే తాళం చేసినవాడికి కోపం వస్తే నువ్వేం చేస్తావు? పడుకో.”

పదో రోజు మాస్టారు వచ్చారు. కొత్తగా రాసిన ఇరవై రెండు పేజీలు పొల్లక్క బల్ల మీద పెట్టారు. గడ్డం మాసి ఉంది, కళ్ళు మాత్రం పిల్లాడి కళ్ళలా మెరుస్తున్నాయి.

“పాఠమంతా తిరగరాశాను. ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడిదే అవుతుందని మన పాత వ్యాకరణాలే చెప్పాయి. బళ్ళో చదివాను కూడా. ఆ తెలుగు ఒక అరలో, ఈ గ్రీకు ఒక అరలో పెట్టి, మధ్యలో తలుపు తీయడం మరిచిపోయాను. ముప్ఫై ఏళ్ళు, అమ్మా! ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత బట్టీ పట్టించాను. వాళ్ళ నోట్లో ఉన్నదాన్ని వాళ్ళకే లేదని చెప్పాను.”

పొల్లక్క ఆ పేజీలు దగ్గరికి తీసుకుంది. “మీరు రాశారు కాబట్టే కదండీ నాకు కనబడింది” అంది.

“అది సరే. మీ ఏడు మాటల్లో రెండు అతుకుతాయి. మీరు తొందరపడ్డారు” అని ఆ రెండూ చూపించారు. ఆమె చూసి ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడంలోనూ ఆమెకు ఒక ఆనందం దొరికింది. తన కాగితాన్ని ఆయన అంత శ్రద్ధగా చదివారన్నమాట.

పుస్తకం అనుకున్న వేళకే వచ్చింది. ముందుమాటలో మాస్టారు అర పేజీ ఆమెకు కేటాయించారు. ‘సహాయం చేసిన’ అని మొదట రాసి, అది కొట్టేసి, ‘ఈ పాఠాన్ని కనిపెట్టిన’ అని రాశారు. ఆ పేజీ ప్రూఫు ఆమెకే వచ్చింది. తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. మూడుసార్లు చదివింది, నియమం ప్రకారం. తప్పేమీ లేదు. నాలుగోసారి కూడా చదివింది, దానికి మాత్రం నియమం ఏదీ లేదు.

కాలేజీ తెరిచాక మాస్టారు ఆమెను తరగతికి పిలిచారు. ఓనరు సెలవు ఇవ్వడమే కాదు, తనే వెంట వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఎదురుగా ఇరవై ఇద్దరు పిల్లలు. పొల్లక్క సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల మీద మారు, మార్చు, మార్చుకొను అని ఒకదాని కింద ఒకటి రాసింది. పక్కన గ్రీకు క్రియ రెండు రూపాలూ రాసింది, గుర్తులతో సహా.

“మీ ఇంట్లో ఎవరైనా ‘నాచేత జుట్టు దువ్వబడింది’ అంటారా?” అని అడిగింది. పిల్లలు గొల్లుమన్నారు.

“ఏమంటారు?”

“దువ్వుకున్నాను!” అని ఇరవై రెండు గొంతులు ఒక్కసారి.

“అదే మధ్యమం. మీకు వచ్చేసింది.”

ముందు వరసలోని ఒక అమ్మాయి లేచింది. “మేడమ్, మెతబల్లెతై అంటే ‘మార్చబడుతున్నాడు’ అనీ అర్థమే, ‘మార్చుకుంటున్నాడు’ అనీ అర్థమేగా? రెంటికీ రూపం ఒకటే. ఎలా తెలుస్తుంది?”

పొల్లక్క మాస్టారి వైపు చూడలేదు. “పక్కనున్న మాటలు చూడాలమ్మా. ‘బట్టను’ అని పక్కన ఉంటే మార్చుకుంటున్నాడు. ‘రాజు చేత’ అని ఉంటే మార్చబడుతున్నాడు. పని జరుగుతున్నంతసేపూ రెంటిదీ ఒకే రూపం. జరిగిపోయిన కాలంలో మాత్రం వేరు వేరు రూపాలు, అవి నూట యాభై రెండో పేజీలో ఉన్నాయి.”

ఇంకొకడు కొంటెగా, “మెతబొలే స్త్రీలింగం అని ఉంది మేడమ్. మార్పు ఆడదెలా అయింది?” అన్నాడు.

“తెలుగులో ఆడమనిషైనా బల్లైనా ‘వచ్చింది, పోయింది’ అని ఒకే గాటన కట్టేశాం. వాళ్ళు మార్పుకైనా ఆడగుర్తు విడిగా ఇచ్చారు, సంతోషించు” అంది. అందరికన్నా గట్టిగా వెనక బెంచీలోంచి ఓనరు నవ్వాడు. తరగతి అయిపోయాక వరండాలో ఎదురైన ప్రతివాళ్ళకూ, “మా ప్రెస్సు మనిషే, మా పొల్లక్క” అని అడగకుండానే చెప్పుకుంటూ వచ్చాడు.

ఆ ఏడాది రెండో నెలకు జారుకున్నవాళ్ళు ముగ్గురే. అంతకుముందు ఏటా సగానికి సగం పోయేవాళ్ళు. కూతురు నర్సింగు హాస్టల్లో తన మంచం పక్క గోడకు ముందుమాట పేజీ అంటించుకుంది. ఎవరైనా అడిగితే, “మా అమ్మ. పదో తరగతి. గ్రీకు” అని మూడు ముక్కల్లో చెప్పి ఊరుకునేది. ఆ తర్వాత వాళ్ళే నోరు వెళ్ళబెట్టి అన్నీ అడిగేవారు.

రెండో భాగం రాసేటప్పుడు మాస్టారు కాగితాలను టైపుకు పంపకముందే పొల్లక్కకు పంపడం మొదలుపెట్టారు. గురువారం మధ్యాహ్నం ఆ బల్లకు రెండో కుర్చీ వేస్తారు. ఆమె పెన్సిలు గుర్తులు ఇప్పటికి రెండు వందల పదకొండు. నూట నలభై దాకా మాస్టారు ఒప్పుకున్నారు, నలభై చిల్లర కొట్టేశారు. మిగిలినవాటి మీద ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. కింద మిషను నడిపేవాళ్ళు గురువారం వచ్చిందంటే పైకి చెవులు రిక్కిస్తారు.

“అది కుదరదమ్మా!” అని మాస్టారి గొంతు.

“ఎందుకు కుదరదండీ, పైకి చదవండి ఒకసారి” అని పొల్లక్క గొంతు.

ఆయన చదువుతారు.